కనుమ పొద్దుటి మేత బల్ల

రెండేళ్ళ కిందట కనుమ నాడు మా ఇంటికి పన్నెండుమంది చుట్టాలు వచ్చారు. ఎనిమిదిన్నరకు పొయ్యి ముందు నిలబడినదాన్ని పదకొండున్నర దాటాక గాని పక్కకు రాలేదు. ఆ మూడు గంటలూ నేను చూసింది మూకుడులో నూనె, విన్నది ముందుగదిలో నవ్వులు. మా అత్తయ్య నాలుగుసార్లు వచ్చి "నువ్వు కూడా వచ్చి కూర్చోవే" అంది. నాలుగుసార్లూ "ఈ వాయి తీసి వస్తాను" అన్నాను. తీరా వెళ్ళేసరికి గిన్నెలో రెండు గారెలు మిగిలాయి, కొబ్బరి పచ్చడి అడుగంటింది, చుట్టాలు చేతులు కడుక్కుంటున్నారు.

కిందటేడు పద్ధతి మార్చాను. పాశ్చాత్య దేశాల్లో పెద్ద చెక్క పలక మీద చీజ్, రొట్టె ముక్కలు, పళ్ళు, గింజలు పరిచి అతిథుల మధ్య పెట్టేస్తారు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ తింటారు. దాన్ని గ్రేజింగ్ బోర్డు అంటారు. గ్రేజింగ్ అంటే మేయడం. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి పూజించే పండుగకు ఇంతకన్న తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో అది మేత బల్ల అయిపోయింది. పేరు వాళ్ళది తీసుకున్నాను గాని చీజ్ జోలికి పోలేదు. గంటల తరబడి బయట ఉన్నా చెడని తినుబండారాలు సంక్రాంతికి మన ఇళ్ళలో డబ్బాల నిండా ఉంటాయి కదా.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ పన్నెండుమందికి, అంటే ఎనిమిదిమంది పెద్దలకు, నలుగురు పిల్లలకు. సమయం పొద్దున పది నుంచి పన్నెండున్నర వరకు.

ముందు ఏవి పనికిరావో తేల్చుకోండి

ఏ వంటకాన్ని తలుచుకున్నా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది రెండు గంటలు బల్ల మీద ఉంటే ఏమవుతుంది? దోసె తోలులా సాగుతుంది. ఉప్మా గడ్డకడుతుంది. పూరీ చప్పబడుతుంది. ఆవడల్లో పెరుగు పులుస్తుంది. మీకు ఎంత బాగా కుదిరే వంటలైనా వీటిని ఆ రోజుకు వదిలేయండి. ఆవడలు లేకపోతే పండుగే కాదనుకుంటే ఫ్రిజ్‌లో ఉంచి, ఆఖరున ఒక గిన్నె తెచ్చి పంచి, ఖాళీ గిన్నె వెనక్కి తీసుకువెళ్ళండి.

నిలబడేవి: అరిసెలు, సున్నుండలు, జంతికలు లేదా సకినాలు, చెక్కలు, చింతపండు పులిహోర, కారప్పొడి పట్టించిన చిట్టి ఇడ్లీలు, అల్లం పచ్చడి, ఉడికించిన తేగలు, చిలగడదుంపలు, పళ్ళు. పులిహోరను ప్రయాణాలకు కట్టుకువెళ్ళేవారంటే కారణం దానిలోని పులుపూ నూనే. అవే ఇక్కడా మనకు ఉపయోగం.

గారెలు ఈ రెండు జాబితాల్లోనూ ఇమడవు. చల్లారితే మెత్తబడతాయి, కాని కనుమ నాడు మినుము తినాలని పెద్దల మాట, కనుక మానడానికి వీల్లేదు. వాటి సంగతి విడిగా చెబుతాను.

మొత్తం తొమ్మిది పది రకాలు దాటనివ్వకండి. అందులో మీ చేత్తో చేసేవి నాలుగైతే చాలు. ఎప్పుడూ అరిసెలు వండనివాళ్ళు చుట్టాలు వచ్చే ముందు రోజు పాకంతో ప్రయోగం మొదలుపెట్టవద్దు. పాకం కాస్త ముదిరితే అరిసె రాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. వీధి చివర పిండివంటలు చేసి అమ్మే ఆవిడ దగ్గర కొనండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్నవి కొనితెచ్చి పెడితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఎంత కావాలి

పదిహేను మధ్యస్థం అరిసెలు, పన్నెండు చిన్న సున్నుండలు, ఎనిమిది పూతరేకులు. పూతరేకులను కత్తెరతో సగానికి కోస్తే పదహారవుతాయి. కత్తితో కోస్తే పొరలు చిట్లి పొడి రాలుతుంది. జంతికలు గాని సకినాలు గాని ముప్పావు కిలో. రెండు ప్రాంతాల వియ్యాలవారు వస్తుంటే రెండూ పెట్టండి, వాదన మొదలవుతుంది, అదీ ఒక కాలక్షేపమే. చెక్కలు ఇరవై. పులిహోరకు అర కిలో బియ్యం. ఇది భోజనం కాదు, ఒక్కొక్కరు రెండు గరిటెలకన్న వేసుకోరు. చిట్టి ఇడ్లీలు యాభై. గారెలకు అర కిలో మినప్పప్పు, ముప్పైఆరుకు తగ్గకుండా వస్తాయి.

పళ్ళలో జామకాయలు ఆరు, కమలాలు ఎనిమిది, రేగుపళ్ళు అర కిలో, చెరకు గడ ఒకటి. తేగలు పది. ఇవి గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో ఎక్కడైనా దొరుకుతాయి. హైదరాబాదులో సంక్రాంతి ముందు రోడ్డు పక్క కట్టలు కట్టి అమ్ముతుంటారు. ఉప్పు నీళ్ళలో మెత్తబడేదాకా ఉడికించి, తొక్క తీసి, సగానికి విరిచి పెట్టండి. నిలువునా చీలిస్తే మధ్యలో సన్నని లేత మొలక కనిపిస్తుంది, దాన్ని చందమామ అంటారు. పట్నం పిల్లలకు అది చూపించండి. తేగ తినకపోయినా చందమామ కోసం పోట్లాడుకుంటారు.

పనిని రోజులకు పంచండి

నిలవ ఉండే పిండివంటలు ఎలాగూ భోగికి ముందే అయిపోతాయి. పండుగ తరవాత మిగిలినవి పెడదాంలే అనుకోకుండా, కనుమకు కావలసినవి ఆ రోజే లెక్కపెట్టి వేరే డబ్బాలో వేసి, ఎవరి చేతికీ అందని చోట పెట్టండి. ఈ ఒక్క పని చేయక నేను ఒకసారి మూడు అరిసెలతో మిగిలాను.

సంక్రాంతి నాడు సాయంత్రం చేయాల్సినవి: అల్లం పచ్చడి నూరుకోవడం, పులిహోర పులుసు దగ్గరపడేదాకా ఉడికించి పెట్టుకోవడం, తేగలు ఉడికించడం. మధ్యాహ్నం నానబోసిన మినప్పప్పును రాత్రి పడుకోబోయే ముందు గట్టిగా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు మాత్రం వేయవద్దు. ఉప్పు తగిలిన పిండి తెల్లారేసరికి పలచబడి, గారె చేతిలో నిలవదు. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర అన్నీ పొద్దున వేయించే ముందే.

పొద్దున ఆరున్నరకు అన్నం వార్చి వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి, పసుపు, నూనె కలపండి. వేడి తగ్గాక పులుసు, పోపు. ఇడ్లీలు ఏడున్నరకు. వాటికి కారప్పొడిని నేతితో పట్టించాలని అనిపిస్తుంది, రుచికి అదే బాగుంటుంది కూడా. కాని జనవరి చలికి అరగంటలో నెయ్యి పేరుకుని ఇడ్లీల మీద తెల్లటి పొరలా కనిపిస్తుంది. నువ్వుల నూనె వాడండి. నెయ్యి కావాలన్నవారికి చిన్న గిన్నెలో వెచ్చగా విడిగా ఇవ్వవచ్చు.

కొబ్బరి పచ్చడి అన్నిటికన్న ముందు పాడవుతుంది. దాన్ని తొమ్మిదింటికి చేసి, సగం బల్ల మీదకు, సగం ఫ్రిజ్‌లోకి. బల్ల మీది గిన్నె గంట తరవాత తీసేసి రెండోది పెట్టండి. మొదటి గిన్నెలో మిగిలినదాన్ని కొత్తదానిలో కలపకండి.

గారెల ఉపాయం

హోటళ్ళలో అడగ్గానే వేడి గారెలు ఎలా వస్తాయో ఎప్పుడైనా గమనించారా? చాలాచోట్ల ముందే ముప్పాతిక వంతు వేయించి పెట్టుకుంటారు. మీరూ అదే చేయండి. ఎనిమిదింటికి అన్ని గారెలనూ లేత బంగారు రంగు వచ్చేదాకా మధ్యస్థం మంట మీద వేయించి, జల్లి బుట్టలో విడివిడిగా పరచండి. ఒకదాని మీద ఒకటి పోస్తే ఆవిరికి మెత్తబడతాయి. చుట్టాలు బల్ల దగ్గర చేరాక నూనె బాగా కాచి, వాయికి ఎనిమిది చొప్పున వేసి, ఒకటిన్నర నిమిషంలో తీసేయండి. పైన కరకర, లోపల మెత్తన.

నూనె కాస్త ఎక్కువ పీలుస్తాయి, ఆ మాట దాచను. కాని చుట్టాలు వచ్చాక పొయ్యి దగ్గర మూడు గంటలకు బదులు మొత్తం పావుగంట. పది దాటాక సగం, పదకొండుంబావుకు సగం. రెండో విడతను వేరెవరికైనా అప్పగించండి. ముప్పాతిక వేగినవాటిని పాడుచేయడం ఎవరికీ చేతకాదు, మా ఇంట్లో ఆ పని మా ఆయనది.

బల్ల సిద్ధం చేయడం

ప్రత్యేకంగా చెక్క పలక కొనవలసిన పని లేదు. భోజనాల బల్ల మీద రెండు నిండు అరటాకులు పరిస్తే అదే పలక. ఆకు వెనకవైపు ఈనెను కత్తితో చెక్కి పలచన చేయండి, లేకపోతే గిన్నెలు వాలుగా నిలబడతాయి. తరవాత ఆకును పొయ్యి మంట మీదుగా ఒక్కసారి అటూ ఇటూ ఆడించండి. రంగు చిక్కబడి, నూనె రాసినట్టు మెరుస్తుంది, వంచినా చిరగదు. ఆపైన పొడిబట్టతో రెండువైపులా తుడవండి. విదేశాల్లో ఉన్నవారికి ఆసియా కిరాణా దుకాణాల్లో గడ్డకట్టించిన ఆకులు దొరుకుతాయి. అవి కరిగాక చాలా నీరు విడుస్తాయి, రెండుసార్లు తుడవాలి.

తడి గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. అరటాకు మీద నేరుగా పెట్టిన జంతిక అరగంటలో మెత్తబడుతుంది. పూతరేకు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాగితంకన్న పలచని ఆ బియ్యపు పొర తడి తగిలితే ఆకుకు అంటుకుపోతుంది, తీయబోతే చేతికి పంచదార, నెయ్యి మాత్రమే వస్తాయి. కనుక కరకరలాడేవాటికి వెదురు చేట వాడండి. శుభ్రంగా దులిపి, అడుగున పొడి కాగితం వేసిన చేటలో జంతికలు, సకినాలు, చెక్కలు పోస్తే గాలి ఆడుతుంది, చూడడానికీ బాగుంటుంది. పూతరేకులు పొడి పళ్ళెంలో, అదీ అన్నిటికన్న ఆఖరున.

అటక మీది ఇత్తడి గిన్నెలు దించాలని సరదా పడతారు. దించండి, కాని లోపల కళాయి ఉందో లేదో చూడండి. కళాయి లేని ఇత్తడిలో పులిహోర, అల్లం పచ్చడి, పెరుగు పెట్టకూడదు. పులుపుకు కిలుమెక్కి రుచి చెడుతుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. సున్నుండలకూ పళ్ళకూ ఏ ఇబ్బందీ లేదు.

సర్దడం

మొదటిసారి అన్నీ సర్ది దూరంగా నిలబడి చూస్తే నా గుండె జారింది. అరిసె గోధుమరంగు, జంతిక గోధుమరంగు, చెక్క, సున్నుండ, గారె, తేగ కూడా దాదాపు అదే రంగు. బల్లంతా ఎండిన చేనులా ఉంది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: గోధుమరంగువి రెండు పక్కపక్కన ఉండకూడదు. మధ్యలో తెల్లటి ఇడ్లీ, పచ్చటి జామ ముక్క, కమలాపండు తొన, ఎర్రబారిన రేగుపండు ఏదో ఒకటి రావాలి.

ముందు బరువైన గిన్నెలు పెట్టండి. పులిహోర నడిమధ్యన. పచ్చళ్ళు రెండు చివర్లకూ, రెండేసి గిన్నెల్లో. ఒకేచోట పెడితే అందరూ అక్కడే గుమిగూడతారు. గారెల కోసం పులిహోర పక్కన జానెడు చోటు ఖాళీగా వదలండి. వేడి గిన్నె తెచ్చాక చోటు వెతుక్కోవడం కన్న ఖాళీగా కనిపించడమే నయం.

తరవాత అరిసెలు. వాటిని దొంతరగా పేర్చవద్దు, అడుగువి అతుక్కుంటాయి. ఇంటి పైకప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఆనేలా వంపుగా పరచండి. నువ్వులు అద్దినవైపు పైకి ఉండాలి. ఆ వంపు లోపల సున్నుండలు. రెండో చివర చేట. చేటకూ పళ్ళకూ మధ్య కనీసం ఒక గిన్నె అడ్డం ఉంచండి, కోసిన పండు పక్కన కరకర నిలవదు. జామకాయలు ఆఖరి పావుగంటలో కోసి, ఉప్పు కారం విడిగా పెట్టండి. ముందే చల్లితే నీరు ఊరుతుంది. మిగిలిన సందుల్లో రేగుపళ్ళు పోయండి. చెరకును చెక్కి, వేలెడంత ముక్కలు చేసి గ్లాసులో నిలబెట్టండి, పిప్పి ఉమ్మడానికి కింద ఒక గిన్నె తప్పనిసరి. పువ్వులు పెట్టాలనిపిస్తే గుమ్మానికి కట్టండి. బజారు బంతిపూల మీద ఏ మందు చల్లారో మనకు తెలియదు, తిండికి తగలనివ్వకూడదు.

మాంసాహారం తినే ఇళ్ళలో కనుమ నాడు గారెలకు నాటుకోడి పులుసు తోడు. దాన్ని వేరే బల్ల మీద, వేరే గరిటెతో పెట్టండి. తినని చుట్టాలు ఒక్కరున్నా సరే.

ఎంగిలి

ఈ పద్ధతి మన ఇళ్ళలో తలకిందులయ్యేది ఇక్కడే. పాశ్చాత్యుల బల్ల మీద అన్నీ పొడిగా, వేళ్ళతో తీసుకునేవి. మనం కుడిచేత్తో పులిహోర కలుపుకుని తింటాం. రెండోసారి వేసుకోవాలంటే కుడిచెయ్యి ఎంగిలి, గరిటె ఎడమచేత్తో పట్టుకోవాలి. మర్యాదకు భయపడి పెద్దవాళ్ళు అసలు వేసుకోవడమే మానేస్తారు. మొదటి ఏడు మా పెద్దమ్మ ఒక్క అరిసె, ఒక్క ఇడ్లీ తిని "చాలమ్మా" అని కూర్చుంది. ఆకలి లేదనుకున్నాను. సంగతి మరునాడు తెలిసింది.

దొన్నెలతో దీనికి పరిష్కారం దొరికింది. చిన్న ఆకు దొన్నెలు ముప్పై తెచ్చి, పులిహోర సగం వాటిలో ముందే సర్దండి. అల్లం పచ్చడి చెంచాడు చొప్పున ఇంకా చిన్నవాటిలో. చిట్టి ఇడ్లీలు మూడేసి ఒక పుల్లకు గుచ్చండి. అప్పుడు రెండోసారి కావలసినవారు దొన్నె మొత్తం ఎత్తుకుపోతారు, గరిటె ముట్టుకునే పని లేదు, ఉమ్మడి గిన్నెలో ఎవరూ గారె ముంచరు. బల్లకు ఒక పక్క చేతులు కడుక్కునే నీళ్ళు, తువ్వాలు కూడా ఉంచండి. లేచి లోపలికి వెళ్ళాలంటే బద్ధకిస్తారు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను బల్ల చుట్టూ తిరగనివ్వకండి. ఒక పళ్ళెంలో అన్నీ తలా ఒకటి పెట్టి వాళ్ళు కూర్చున్నచోటికే ఇవ్వండి. చక్కెర జబ్బు ఉన్నవారికి ఏది తినాలో వాళ్ళకు తెలుసు, మీరు ప్రకటించవద్దు. ఉడికించిన శనగ గుగ్గిళ్ళు ఒక గిన్నె వాళ్ళకు అందేలా పెడితే చాలు. నాలుగేళ్ళలోపు పిల్లలుంటే రేగుపళ్ళు, పల్లీలు వాళ్ళ చేతికి అందే అంచున ఉంచకండి, గొంతుకు అడ్డం పడతాయి.

కాఫీ ఫ్లాస్కులో పోసి గ్లాసులతోపాటు వేరే చోట ఉంచండి. ఎవరికి వాళ్ళు పోసుకుంటారు. "ఇంకొకటి వేసుకోండి" అని బలవంతపెట్టే బాధ్యత మాత్రం ఎవరో ఒకరు తీసుకోవాలి, అది లేకపోతే మన వాళ్ళకు అతిథిమర్యాద జరిగినట్టు ఉండదు. మీరే తీసుకోండి, ఇప్పుడు మీ చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా.

పన్నెండున్నర తరవాత

ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి, కోసిన జామ ముక్కలు మిగిలితే దాచవద్దు. పులిహోర రాత్రికి పనికొస్తుంది. చేటలోవి వెంటనే గాలి చొరని డబ్బాలోకి. అరిసెలు, సున్నుండలు చుట్టాలు బయలుదేరేటప్పుడు సంచిలో పెట్టి ఇవ్వడానికి ముందే పొట్లాలు కట్టి ఉంచండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనుక వాళ్ళు ఆ పూట వెళ్ళకపోవచ్చు, పొట్లాలు మరునాటికీ పాడవవు.

ఆకులు, చెరకు చెత్త, పళ్ళ తొక్కలు ఒక గంపలోకి ఎత్తితే బల్ల శుభ్రమైపోతుంది. ఊళ్ళో అయితే గంప నేరుగా గొడ్ల పాకకు, పట్నంలో అయితే దగ్గరలో ఆవులుండే చోటికి. ఇచ్చే ముందు దొన్నెల పుల్లలు, ఇడ్లీలకు గుచ్చిన పుల్లలు ఒక్కటి కూడా లేకుండా ఏరేయండి.